నిలుపు కేక

ఆ జట్టుని తిట్టే హక్కు నాకుందండీ. ఫోనులో చూసి తిట్టేవాళ్ళకి ఉందో లేదో నాకు తెలీదు, పేపర్లో చదివి తిట్టేవాళ్ళ సంగతి అసలే తెలీదు. నాకు మాత్రం ఉంది. పదకొండో నంబరు చొక్కా వేసుకుని, ఆడనివ్వకుండా బెంచీ మీద కూర్చోబెడితే గోళ్ళు కొరుక్కుంటా కూర్చున్న పిల్ల నా కూతురు. అక్షయ. తొమ్మిది నెలలు మోసి కన్నదాన్ని, ఆమాత్రం తిట్టకూడదా? తిట్టాను. బెజవాడ స్టేడియంలో రెండు రోజులు, గొంతు బొంగురుపోయేదాకా తిట్టాను. ఎవరైనా వినకపోతే మళ్ళీ తిట్టాను.

నా పేరు గంగారత్నం. మాది బందరు అవతల సముద్రం ఒడ్డున ఊరు. వల లాగుతాం, చేపలమ్ముతాం. మా తమ్ముడు కోటికి చేపల వ్యాను ఉంది. దాన్ని మూడుసార్లు బ్లీచింగ్ వేసి కడిగి, అందులో ఇరవై ముగ్గురం ఎక్కి వచ్చాం బెజవాడ. ఎంత కడిగినా వాసన పోద్దా? మేం స్టేడియంలో కూర్చోగానే మా చుట్టూ రెండు వరసలు ఖాళీ అయిపోయినయ్. పోతే పోయారు. మాకే కాళ్ళు చాపుకోడానికి చోటు దొరికింది.

రగ్బీ అంటే మీకు తెలియకపోతే నాలుగు ముక్కల్లో చెప్తాను. కోడిగుడ్డు ఆకారంలో బంతి ఉంటది. దాన్ని పట్టుకుని పరిగెత్తుకెళ్ళి అవతలి గీత దాటించి నేలకి ఆనిస్తే ఐదు పాయింట్లు, ఆ తర్వాత బంతిని రెండు కర్రల మధ్యలోంచి తన్నితే ఇంకో రెండు. పక్కవాళ్ళకి బంతి ఇవ్వాలంటే చేత్తో వెనక్కే విసరాలి, ముందుకి విసరకూడదు. బంతి చేతిలో ఉన్నోళ్ళని అవతలివాళ్ళు వాటేసుకుని కింద పడెయ్యొచ్చు. మా పిల్ల ఆడేది ఏడుగురి ఆట. ఏడు నిమిషాలు, మళ్ళీ ఏడు నిమిషాలు. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు ఆట అయిపోద్ది. ఆ పద్నాలుగు నిమిషాలు కూడా తిన్నగా ఆడలేకపోతే ఇంకేం అనాలండీ మనుషుల్ని?

ఈ ఆట మా ఊరికి తెచ్చింది ఇశ్రాయేలు మాస్టారు. మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మా ఆడపిల్లలు వల లాగి లాగి కాళ్ళు గట్టిపడ్డవాళ్ళని, ఇసకలో పరిగెత్తేవాళ్ళు గడ్డి మీద ఎగిరిపోతారని ఆయనే కనిపెట్టి బంతి చేతికిచ్చారు. అందరూ రెండేళ్ళాడి మానేశారు. మా అక్షయ మానలేదు. జిల్లా ఆడింది, రాష్ట్రం ఆడింది, ఇరవై రెండేళ్ళకి ఇండియా క్యాంపులో కూర్చుంది.

కూర్చుంది అన్నానా? అదే మరి. మూడేళ్ళుగా కూర్చునే ఉంది. క్యాంపులో పదిహేను మంది. పెద్ద పోటీలకి పన్నెండు మందినే తీసుకెళ్తారు. రెండుసార్లు లిస్టు వేశారు, రెండుసార్లూ నా కూతురి పేరు లేదు. ఈసారి జపాన్ వెళ్ళే లిస్టు. బెజవాడ పోటీ అయిపోయిన గంటలో పేర్లు చదువుతారని అక్షయ ముందే ఫోనులో చెప్పింది. "ఇప్పుడు కూడా లేకపోతే ఇంక క్యాంపుకే పిలవరమ్మా" అంది. ఏడవలేదు. మా అక్షయ ఏడవదు, అది ఇంకా భయం నాకు.

మొదటిరోజు ఇండియాకి రెండు ఆటలు. మొదటిది ఇరవయ్యారు–ఐదు, రెండోది ముప్పయ్యొకటి–సున్నా. ఇరవయ్యారూ ముప్పయ్యొకటీ మనవి కావండోయ్, అవతలివాళ్ళవి. బంతి దొరకడమే గగనం. దొరికిన బంతిని మనవాళ్ళేం చేశారో తెలుసా? కాలితో తన్ని అవతలివాళ్ళకే పంపించారు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. చేతికొచ్చిన చేపని నీళ్ళల్లో పడేసి దాని వెనకాల ఈదుకుంటా పోయేవాణ్ణి మీరెక్కడైనా చూశారా? నేను చూశాను, ఏడుగుర్ని ఒకేచోట చూశాను.

"అది వ్యూహం, గంగారత్నం" అన్నారు ఇశ్రాయేలు మాస్టారు. "బంతి దూరంగా తన్ని, మనవాళ్ళు వెంటపడి ఒత్తిడి పెట్టాలి."

"వెంటపడేదెవరు మాస్టారూ? తన్నిన పిల్ల నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. మిగతావాళ్ళు దాని మొహం చూస్తన్నారు."

"అదే లోపం" అన్నారాయన నీరసంగా.

"లోపం కాదండీ, పైత్యం. ఆ ఎర్రటోపీ వాడి పైత్యం."

ఎర్రటోపీ అంటే కోచ్. జ్ఞానేశ్వర్ అంట పేరు. గీత పక్కన చేతులు కట్టుకుని నిలబడి, అప్పుడప్పుడు హిందీలో ఏదో అరుస్తాడు. మనిషి కదలడు. అవతలివాళ్ళు గీత దాటితే కదలడు, పిల్ల దెబ్బ తగిలి పడిపోతే కదలడు. ఆ టోపీ చూస్తేనే నాకు ఒళ్ళు మండిపోయేది. నా కూతుర్ని మొదటి ఆటలో రెండు నిమిషాలు, రెండో ఆటలో రెండు నిమిషాలు ఆడించాడు. నాలుగు నిమిషాల కోసం ఇరవై ముగ్గురం పనులు మానుకుని వచ్చామా?

అసలు తప్పు ఎక్కడుందో నాకు మొదటి ఐదు నిమిషాల్లోనే అర్థమైపోయింది. నేను గొప్పకి చెప్పట్లేదు. మాది అలివి వల. పడవ మీద వల తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా వేసుకుంటా వస్తారు. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డున ఉంటాయి. ఒక్కో తాడూ పదిహేను మంది పట్టుకుని లాగాలి. రెండు కొసలూ సమానంగా రావాలి. ఒక కొస ముందొచ్చేసిందో, వల ఒరిగిపోద్ది, చేపంతా ఆ ఒరిగిన పక్క నుంచి జారిపోద్ది. అందుకని మధ్యలో ఒక మనిషి నిలబడి కేకేస్తారు. లాగమంటే లాగాలి. ముందుపోయిన కొసని చూసి "నిలుపూ!" అని కేకేస్తే, ఆ కొసవాళ్ళు మడమ ఇసకలో గుచ్చి, తాడు నడుముకి బిగించి ఉన్నచోట ఆగిపోవాలి. ఎందుకని అడక్కూడదు, తల తిప్పి చూడకూడదు. ఆగకపోతే కేకేసేవాళ్ళు తడితాడు తీసుకుని పిక్కల మీద ఒక్కటి ఇస్తారు. ఆ కేక పదేళ్ళు నా మొగుడు కాశీరావు వేశాడు. ఆయన నడుం పోయాక నేనేస్తున్నాను. సముద్రం హోరులో అర కిలోమీటరు వినపడుద్ది నా కేక. అక్షయ పదో ఏట నుంచీ సెలవుల్లో కుడి కొస తాడు పట్టింది. నా చేత పిక్కల మీద తిన్నది కూడా.

మరి ఇక్కడ చూస్తే ఏడుగురు గీత కట్టినట్టు నిలబడి ముందుకి రావాలి కదా అవతలివాళ్ళని ఆపడానికి? ఎడం చివర పిల్ల ఎగురుకుంటా ముందుకి పోద్ది, కుడి చివర పిల్ల ఇంకా ఆలోచిస్తా ఉంటది. మధ్యలో లారీ పట్టేంత సందు. అవతలివాళ్ళు ఆ సందులోంచి తాపీగా నడిచి వెళ్ళి బంతి పెట్టారు. నడిచండీ! పరిగెత్తే శ్రమ కూడా లేదు వాళ్ళకి.

"కొస ముందుపోతందే! కొస చూసుకోండే!" అని అరిచాను. ఎవరికి అర్థమవుద్ది? జట్టులో ఒరిస్సా పిల్లలు, బెంగాలు పిల్లలు. నా ముందు వరసలో కూర్చున్నాయన మాత్రం వెనక్కి తిరిగి చూశాడు.

ఆయన పేరు దుర్గాప్రసాద్, హనుమాన్ జంక్షన్లో టైర్ల షాపు. మొహానికి మూడు రంగులు పూసుకుని, ఇండియా చొక్కా వేసుకుని ఒక్కడే వచ్చాడు. చేపల వాసనకి లేచిపోని మనిషి ఆయనొక్కడే. "బాగా చెప్పారమ్మా! పదేళ్ళ నుంచి ఈ జట్టు వెనక తిరుగుతున్నాను. కలకత్తా వెళ్ళాను, భువనేశ్వర్ వెళ్ళాను. ఎక్కడికెళ్ళినా ఇదే దరిద్రం. ఆ చివర్లు ఎప్పుడూ కలిసి రావు. ఇంతకాలానికి ఆ ముక్క చెప్పినవాళ్ళు మీరొక్కరే" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయనకి మా చేగోడీల డబ్బా ఇచ్చాను. ఇద్దరం కలిసి ఎర్రటోపీని తిట్టాం.

రెండోరోజు మధ్యాహ్నం మూడో ఆట, ఆఖరి ఆట, థాయిలాండ్ మీద. ఆ పొద్దు ఎండ మాడు మీద నిప్పులు పోసినట్టుంది. కంకిపాడు నుంచి కాలేజీ పిల్లలు రెండు బస్సుల్లో వచ్చారు. వాళ్ళకి ఆట తెలీదు, అరవడం తెలుసు. వాళ్ళకి నేనూ దుర్గాప్రసాదూ అరుపు నేర్పించాం. బంతి తన్నినప్పుడల్లా నేను లేచి "ఇచ్చేశారా?" అంటే వాళ్ళంతా "దణ్ణం పెట్టి ఇచ్చారు!" అనాలి. మొదటి సగంలో తొమ్మిదిసార్లు అన్నారు. కాలేజీ పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా కూతురు బెంచీ మీదే ఉంది.

"ఏవయ్యా ఎర్రటోపీ! ఆ పదకొండో నంబరుని బెంచీకి అతికించావా? మేకులు కొట్టావా?" అని అరిచాను. "నీకు కళ్ళున్నయ్యా, ఆ టోపీ కళ్ళ మీదకి దిగిపోయిందా? మా ఊళ్ళో వల మోసే గాడిదని తెచ్చి నిలబెట్టినా నీకంటే బాగా నడిపిద్ది జట్టుని!"

"అక్కా, మెల్లగా. అమ్మాయికి ఇబ్బంది" అన్నాడు కోటి.

"ఆ హిందీవాడికి తెలుగేం అర్థమై చచ్చిద్దిరా? అరవనీ."

చిత్రంగా రెండో సగంలో ఆట తిరిగింది. తన్నడం ఆపేశారు. బహుశా మా వెటకారానికి సిగ్గొచ్చిందేమో. ఒరిస్సా పిల్ల ఒకతి రెండుసార్లు గీత దాటి బంతి ఆనించింది. పన్నెండు–పది. రెండే పాయింట్లు వెనకబడ్డాం. ఒక్కసారి గీత దాటితే గెలిచేస్తాం. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. ఇంక మూడు నిమిషాలు ఉందనగా ఎర్రటోపీ బెంచీ వైపు చెయ్యి ఊపాడు. అక్షయ లేచింది. వానలో గొడుగు దొరికినట్టయింది నా ప్రాణానికి.

వచ్చీ రాగానే తనకంటే రెండింతలున్న థాయిలాండ్ పిల్లని మోకాళ్ళ దగ్గర వాటేసి నేలకేసి కొట్టింది. "అదీ! అదీ నా తల్లే!" అని అరిచాను. దుర్గాప్రసాద్ వెనక్కి తిరిగి నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "మీ అమ్మాయా? ముందు చెప్పరేంటమ్మా! జపాన్ ఖాయం, రాసిపెట్టుకోండి" అన్నాడు. ఇశ్రాయేలు మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటున్నారు.

టైము అయిపోయిందని హారన్ మోగింది. ఈ ఆటలో హారన్ మోగినా బంతి ఆడుతున్నంతసేపూ ఆట నడుస్తానే ఉంటది. బంతి మనవాళ్ళ చేతిలో ఉంది. చేతులు మారింది, మారింది, మారి కుడి చివర అక్షయ చేతికొచ్చింది. ముందు ఒక్కతే పిల్ల. అక్షయ కుడికి వంగినట్టు వంగి ఎడమకి దూసుకుపోయింది, ఆ పిల్ల ఖాళీ గాలిని వాటేసుకుని పడింది. ఇంక ముందు ఎవరూ లేరు. గడ్డి, గీత, అంతే. స్టేడియంలో ఊపిరి పీల్చేవాళ్ళు లేరు. అంత నిశ్శబ్దం నేను జన్మలో వినలేదు.

అప్పుడు నా కళ్ళకేం కనిపించిందో చెప్తాను, మీరు నమ్మినా నమ్మకపోయినా. నా కూతురు కనిపించలేదు. కుడి కొస కనిపించింది. కుడి కొస ఎక్కడికో ముందుకి పోయింది, ఎడం కొస అంత దూరాన వెనక పడిపోయింది, వల ఒరిగిపోతంది. రెండు రోజుల నుంచీ అదే తిట్టి తిట్టి, అదే చూసి చూసి ఉన్నాను. బుర్ర ఆలోచించలేదండీ. గొంతే లేచింది.

"నిలుపూ!"

గీతకి ఐదడుగుల దూరంలో నా కూతురి మడమ గడ్డిలో గుచ్చుకుంది. నడుము వెనక్కి బిగిసింది. తల తిప్పలేదు. ఉన్నచోట ఉన్నట్టు ఆగింది. లెక్కపెడితే ఒక్క క్షణం, అంతే. మళ్ళీ కాలు ఎత్తేలోపు వెనక నుంచి థాయిలాండ్ పిల్ల వచ్చి నడుము పట్టేసింది. ఇద్దరూ పడ్డారు. బంతి చేతిలోంచి జారి ముందుకి దొర్లి గీత దాటి పోయింది. బంతి చేతిలోంచి ముందుకి జారితే తప్పే కదా, విజిల్ ఊదారు. ఆట అయిపోయింది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారి గొడవ లేచింది. "ఆగిందేంటి? ఎందుకాగింది?" కాలేజీ పిల్లలు నీళ్ళ సీసాలు విసిరారు. దుర్గాప్రసాద్ మొహంలో మూడు రంగులూ చెమటకి కలిసిపోయి ఉన్నాయి. బెంచీ మీదకెక్కి, నాకు వినపడేలాగే అరిచాడు. "అమ్ముడుపోయింది! చూశారా, గీత ముందు బ్రేకేసింది! ఎవడికి అమ్ముడుపోయిందే? ఎంతకి అమ్ముడుపోయిందే? పదకొండో నంబర్ని పీకెయ్యాలి! దేశం చొక్కా విప్పించాలి!"

నేను ముందు వరసలోకి దూకి ఆయన చొక్కా పట్టుకున్నాను. "ఏమన్నావురా? నా కూతురు అమ్ముడుపోయిందా? నీ నోరు పడిపోను! రెండు రోజులు నా చేగోడీలు తిని నా కూతుర్ని అంటావా?"

"మీరే కదమ్మా రెండు రోజుల నుంచీ అందర్నీ అంటున్నారు! వాళ్ళకి అమ్మలు లేరా?" అన్నాడు ఆయన, చొక్కా విడిపించుకుంటా. "మీ అమ్మాయి ఆగిందా లేదా? ఆ మాట చెప్పండి ముందు. ఆగిందా లేదా?"

మావాళ్ళ వైపు తిరిగాను, నాలుగు అంటించండర్రా అని చెప్పడానికి. ఇరవై రెండు మంది ఉన్నారు. ఒక్కళ్ళు నోరెత్తలేదు. ఒక్కళ్ళు నా మొహం చూడలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ తాడు పట్టినవాళ్ళే అందరూ. ఆ కేకకి వాళ్ళ మడమలు కూడా సిమెంటు నేల మీద బిగిసే ఉంటాయి. వాళ్ళందరికీ తెలుసు. కోటి మాత్రం గొణిగాడు, "ఎంత పని చేశావక్కా" అని. అక్కడే కూర్చుండిపోయాను.

ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. ఒకటే ఆలోచన. గంటలో లిస్టు చదువుతారు. ఎర్రటోపీ ఏమనుకుంటాడు? అందరూ అనుకున్నదే వాడూ అనుకుంటాడు. పిరికిది అనుకుంటాడు, లేకపోతే అమ్ముడుపోయింది అనుకుంటాడు. తప్పు నాదైతే శిక్ష దానికా? నేను వెళ్ళి నిజం చెప్పాలి. ఈ రెండు రోజుల్లో నా నోట్లోంచి ఒక మంచి మాట రాలేదు, ఈ ఒక్కటైనా రావాలి.

లేచాను. మెట్ల దగ్గర ఇశ్రాయేలు మాస్టారు అడ్డం నిలబడ్డారు. "వెళ్ళకు, గంగారత్నం. అక్షయ చూసుకుంటుంది. దాన్ని దాని మానాన వదిలెయ్యి."

"మీరు పక్కకి తప్పుకోండి మాస్టారూ. నా తప్పు నేను ఒప్పుకోడానికి కూడా మీ పర్మిషన్ కావాలా?"

"ఇప్పుడు కాదు. నా మాట విను. ఇప్పుడు నోరు మూసుకోవడమే నువ్వు చెయ్యగలిగిన సాయం."

ఆ మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు మూసుకోవాలంట! ఆయన్ని తోసుకుని దిగిపోయాను. కింద గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి ఆపబోతే "పదకొండో నంబరు అమ్మని!" అని ఒక్క కేకేశాను. వాడు గేటు తీసేశాడు.

లోపల గదిలో ముగ్గురే ఉన్నారు. అక్షయ బల్ల మీద కాలు చాపుకుని కూర్చుంది. కుడితొడ మీద ఐసు సంచి పెట్టి, గుడ్డతో బిగించి కట్టి ఉంది. పక్కన రుచిత అని వాళ్ళ ఫిజియో అమ్మాయి, ఆ కట్టు సరిచేస్తంది. గోడ దగ్గర ఎర్రటోపీ. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. రెండో చేతిలో ఒక కాగితం. అక్షయ నన్ను చూడగానే రెండు చేతులూ ఊపింది, వెళ్ళిపో వెళ్ళిపో అన్నట్టు. మొహం తెల్లగా పాలిపోయింది. దెబ్బ తగిలిందేమో, నొప్పికేమో అనుకున్నాను.

"సార్, తప్పు నా కూతురిది కాదు సార్" అన్నాను. హిందీ రాదు, తెలుగులోనే అన్నాను. చేత్తో చూపిస్తా, అర్థమయ్యేలాగ.

"అమ్మా, బయటికెళ్ళు" అంది అక్షయ.

"నువ్వుండవే. సార్, నేను కేకేశాను సార్. నిలుపు అని కేకేశాను. మేం వల లాగేవాళ్ళం. ఆ కేక వింటే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి. చిన్నప్పటి నుంచీ అలవాటు. దాని కాళ్ళకి అలవాటు సార్, దాని బుర్రకి తెలీదు. అది భయపడి ఆగలేదు. డబ్బు తీసుకుని ఆగలేదు. నా గొంతు విని ఆగింది. అంతే."

ఆయన గోడ దగ్గర్నుంచి కుర్చీ ఒకటి నా వైపు జరిపాడు. తర్వాత తెలుగులో మాట్లాడాడు. హైదరాబాదు తెలుగు, కానీ శుభ్రమైన తెలుగు. "కూర్చోండమ్మా. నేను సికింద్రాబాద్‌లో పెరిగిన. మీ గొంతు నాకు తెలుసు. రెండు రోజుల నుంచి వింటున్నా. గాడిద సంగతి కూడా విన్నా."

నాకు సిగ్గుతో ఒళ్ళంతా చచ్చిపోయింది. "క్షమించండి సార్. నన్నేమైనా అనండి. దాన్ని మాత్రం..."

ఆయన అక్షయ వైపు తిరిగాడు. "తొడ నరం పట్టేసిందన్నావు కదా? పరిగెడుతుంటే పట్టేసి ఆగిపోయినా అన్నావు."

అక్షయ తల వంచుకుంది.

అప్పుడు తెలిసిందండీ నాకు. అప్పుడు తెలిసింది ఆ ఐసు సంచి ఎందుకో, ఆ చేతులు ఎందుకు ఊపిందో, మాస్టారు ఏం ఊహించి మెట్ల మీద అడ్డం నిలబడ్డారో. అది ముందే చెప్పేసుకుంది. నా మీద మాట రాకుండా, తన మీద మాట రాకుండా, ఒక చిన్న అబద్ధం చెప్పి సర్దేసుకుంది. ఆయన నమ్మాడు కూడా.

"రుచితా, కాలు ఎట్లుంది?" అన్నాడు ఆయన.

రుచిత అక్షయ వంక చూసింది, నా వంక చూసింది. "నొప్పి అని చెప్పింది సార్. నా చేతికైతే ఏం తగల్లేదు" అంది నెమ్మదిగా.

"సార్, నరమే సార్!" అన్నాను నేను. "నరం కూడా పట్టేసి ఉంటది. నాకేం తెలుసు సార్, నేను చేపలమ్ముకునేదాన్ని. నా కేక దానికి వినపడిందో లేదో! అంత దూరం ఎలా వినపడుద్ది?"

"నాకు వినపడింది" అన్నాడాయన.

చేతిలో కాగితం బల్ల మీద పెట్టాడు. నాకు ఇంగ్లీషు చదవడం రాదు. కానీ నా కూతురి చొక్కా వీపు మీద పేరు మూడేళ్ళ నుంచి ఉతుకుతున్నాను, ఆ అక్షరాలు నాకు తెలుసు. కాగితం మీద పైనుంచి నాలుగోది. పన్నెండు మందిలో నాలుగోది. టైపు కొట్టి ఉంది. అంటే ఆట ఓడిపోయాక కూడా దాన్ని తియ్యలేదు ఆయన. నేను రెండు రోజులు నోటికొచ్చినట్టు తిట్టిన మనిషి నా కూతురి పేరు నాలుగోది రాసుకున్నాడు.

"ఈ టోర్నమెంట్‌లో అది బెస్ట్ రన్ అమ్మా" అన్నాడు. "నరం పట్టుడు ఎవరి చేతిలో ఉండదు. వారంలో తగ్గిపోతది. అందుకే పేరు ఉంచిన."

"అయితే ఉంచండి సార్! జపాన్లో ఎవరు కేకేస్తారు సార్? అక్కడ మా ఊరోళ్ళెవరూ ఉండరు. నేను రాను. ఒట్టు, గంగమ్మ తల్లి మీద ఒట్టు, ఇంక ఈ ఆట చూడను కూడా చూడను."

"కేక సంగతి కాదమ్మా. కేకకి ఆగితే నేర్పిస్త, ఆగకుండ నేర్పిస్త. నాకు నా ప్లేయర్ ఏం చెప్తే అది నమ్మాలె. హారన్ మోగినాక, ఆఖరి బంతికి, ఆడగలవా అని ఒకరిని అడిగితే ఆ జవాబు నిజం కావాలె నాకు." ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. గొంతు పెంచలేదు. ఆ పెంచకపోవడమే నాకు చెంపదెబ్బలా ఉంది. "ఆమె మొదట్నే నిజం చెప్పి ఉంటే పేరు ఉండేది. మీరు చెప్పకపోయినా ఉండేది."

నాలుగో పేరు మీద గీత గీశాడు. కింద పదమూడో పేరేదో చేత్తో రాశాడు. టోపీ పెట్టుకుని, నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. బయట పిల్లలందర్నీ వరసగా నిలబెడుతున్న చప్పుడు వినపడింది. రుచిత కూడా మెల్లగా జారుకుంది.

అక్షయ గుడ్డ ముడి తనే విప్పుకుంది. ఐసు సంచి తీసి బల్ల మీద పెట్టింది. బల్ల దిగి, రెండు కాళ్ళ మీదా గట్టిగా నిలబడి, చెప్పులు వేసుకుంది. నేను దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకోబోయాను. చెయ్యి వెనక్కి తీసుకుంది. కొట్టినా బాగుండేది. తిట్టినా బాగుండేది, తిట్లు నాకు అలవాటే కదా.

"అక్షయా, నేను మంచికే చెప్పానే. నువ్వు పిరికిదానివి కాదని చెప్పాలనే..."

"తెలుసమ్మా" అంది. సంచి భుజానికి తగిలించుకుంది. "నువ్వు అరిచేది ఎప్పుడూ నా మంచికే. ఇంక ఎంతైనా అరుచుకో. నేనింక ఆడను కదా."

తలుపు తీసుకుని నడిచి వెళ్ళిపోయింది. ఆ వరసలో నిలబడడానికి కాదు, అటు వైపు, వ్యాను ఆపిన వైపు.